ప్రాంతపు సగటు ఎండను లెక్కించుట ఎట్లు?

(హుస్నాబాద్ ప్రాంత పంచాయతీ సభ్యులకు ఉద్దేశించిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

వేసవి వచ్చినదనిన "ఈ ప్రాంతమున సగటు ఉష్ణోగ్రత ఇన్ని డిగ్రీలు" అను మాట పత్రికలలో చదువుచుందురు. ఆ సగటు ఎట్లు వచ్చినదో అడుగువారు అరుదు. ఉన్న ఉష్ణమాపకముల అంకెలన్నియు కూడి, వాని సంఖ్యచే భాగించిన చాలునని పెక్కురు తలంతురు. అది సరికాదు.

మన సేద్యమునే చూడుడు. ఒక రైతునకు రెండెకరముల రేగడి, ఎనిమిదెకరముల చెలక ఉన్నవనుకొందము. రేగడిలో ఎకరమునకు 20 బస్తాలు, చెలకలో 5 బస్తాలు పండినవి. ఇరువదియు అయిదును కూడి, రెంటితో భాగించి, ఎకరమునకు పన్నెండున్నర అని అతడు చెప్పినచో ఇంటివారే నవ్వుదురు. ఇల్లు చేరినవి 80 బస్తాలు, ఎకరమునకు ఎనిమిదే.

ఎండకును ఇదే లెక్క. 300 చదరపు కిలోమీటర్ల ప్రాంతమున మూడు మాపకములున్నవనుకొందము. రెండు పట్టణమున, గోడలు, రోడ్లు కాగుచోట; ఒకటి పల్లెల నడుమ. పట్టణపు రెండును 43 డిగ్రీలు, పల్లెది 40 డిగ్రీలు చూపినవి. ఊరక కూడి భాగించిన సగటు 42. కాని పట్టణపు మాపకము ఒక్కొక్కటి 20 చదరపు కిలోమీటర్లకే ప్రతినిధి; పల్లెది 260కి. ప్రతి అంకెను దాని విస్తీర్ణముచే గుణించి, కూడి, 300చే భాగించిన వచ్చునది 40.4. ఇదియే ప్రాంతపు సగటు. అయితే ఇది ప్రణాళికలకు పనికివచ్చు అంకె. పట్టణమున ఇటుకలు మోయు కూలికి తన నెత్తిమీది 43 డిగ్రీలే నిజము.

ఏ మాపకమునకు ఎంత మేర అను ప్రశ్నకు 1911లో అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు థీస్సెన్, వర్షపాతము నిమిత్తము, ఒక మార్గము చూపెను. పటముపై ఇరుగుపొరుగు కేంద్రములను గీతలతో కలిపి, ప్రతి గీతకు సరిగా నడుమ అడ్డముగా లంబరేఖ గీయవలెను. ఆ రేఖలే పొలిమేరలు. ప్రతి చోటును తనకు మిక్కిలి దగ్గరి కేంద్రమునకు చెందును. గుట్టల సీమలో మాత్రము ఎత్తును గూడ లెక్కింపవలెను. వేయి మీటర్లు ఎక్కిన సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గును.

2016 అక్టోబరు 11న హుస్నాబాద్ కరీంనగర్ జిల్లా నుండి సిద్దిపేట జిల్లాలో చేరినది. ఆనాడు ఇచ్చటి ఎండ మారలేదు. అయినను కరీంనగర్ జిల్లా సగటులో కూడవలసిన విస్తీర్ణము మారినది. కావున 2016కు పూర్వపు జిల్లా సగటును తరువాతి సగటు ప్రక్కన పెట్టి, ఎండలు పెరిగినవనియో తగ్గినవనియో తీర్మానము వ్రాయరాదు. రెండు కాలములకును ఒకే సరిహద్దులపై కట్టిన లెక్కను అధికారులను అడుగుడు.

మాపకమునకు స్థలము కావలెనని మీ గ్రామమునకు ఎవరైన వచ్చినచో, పంచాయతీ కార్యాలయపు గోడ ప్రక్కన జాగా చూపి పంపివేయకుడు. గోడలకు, రేకుల కప్పులకు, బండనేలకు దూరముగా, గాలి ఆడు బయలు చూపుడు. పైన చెప్పిన లెక్కలో పట్టణపు మాపకమొకటి రెండు డిగ్రీలు తప్పు చూపిన సగటు చెడునది డిగ్రీలో ఎనిమిదవ వంతు మాత్రమే. పల్లె మాపకము అంతే తప్పు చూపినచో సగటు ఒకటిముప్పావు డిగ్రీ చెడును.