పసిబిడ్డల కడుపులో బద్దెపురుగు



పసిబిడ్డ నిద్రలో పండ్లు కొఱికినను, నోట చొంగ కార్చినను, ‘కడుపులో పురుగులున్నవి’ అని మన యిండ్లలో వెంటనే తీర్పు చెప్పుదురు. పురుగులు లేని బిడ్డలును పండ్లు కొఱుకుదురు. పురుగులున్న బిడ్డలు హాయిగా నిద్రించుటయు కలదు. ఊహించుటకంటె చూచుట మేలు. ఈ మాట నాకొక తల్లి నేర్పినది. అందుచే నా పొరపాటునే ముందుగా చెప్పెదను.

కొన్ని యేండ్ల క్రిందట నొక తాతగారు కోడలిని, మనుమరాలిని వెంటబెట్టుకొని నాయొద్దకు వచ్చిరి. పిల్లకు రెండవయేడు. బాగుగా తినుచున్నది, ఆడుచున్నది. కాని రాత్రులు ఆసనము గోకికొనుచున్నది, గుడ్డలలో తెల్లని పురుగులు పడుచున్నవి. తెల్లని పురుగులనగానే నులిపురుగులని యెంచి మందిచ్చితిని. పదునైదు దినములకు మరల వచ్చిరి. మరల అదే మందిచ్చితిని. మలపరీక్షలో నేమియు కానరాలేదు. మూడవమాఱు తల్లియే ముందునకు వచ్చి, ‘ఇవి దారంలా సన్నగా లేవండీ. తడిగా ఉన్నప్పుడు దోసగింజలా ఉండి, ముడుచుకుంటూ సాగుతూ కదులుతాయి. ఎండితే బియ్యపుగింజలా అవుతాయి’ అనెను. రెండుమాఱులును నేనామెను అడుగనే లేదు. రోగనిర్ణయమంతయు నామె మాటలోనే యున్నది.

మఱునాడు సీసాలో నీరుపోసి యొక గింజను తెచ్చిరి. దానిని గాజుపలకల నడుమ నదిమి సూక్ష్మదర్శినిలో చూడగా, గ్రుడ్లు పొట్లములు కట్టినట్లు గుంపులుగా నుండెను. అది పురుగు కాదు, పురుగుయొక్క తునక. పురుగు ప్రేగులోనే యున్నది. కుక్కల బద్దెపురుగు. తునక పగులక బయటపడును గనుక గ్రుడ్లు దానిలోనే యుండిపోవును. మలపరీక్షకు చిక్కకుండుట కదియే కారణము.

బద్దెపురుగను మాట వినగానే తాతగారి ముఖము మాఱెను. ‘డాక్టరుగారూ, మా యింటి గడప మాంసం తొక్కదు. మాంసం తినేవాళ్లకే గదండీ అది వచ్చేది?’ అని కోడలివైపు చూచిరి. ఆమె తల వంచుకొనెను.

మాంసమువలన వచ్చు బద్దెపురుగులు వేఱు. సరిగా నుడుకని పశుమాంసమువలన నొకటి, పందిమాంసమువలన నొకటి కలుగును. వాని తునకలు పెద్దవి, నవారుముక్కలవలె వెడల్పుగా నుండును. ఈ బిడ్డకు వచ్చినది అరుగుమీది కుక్కవలన. కుక్క వెండ్రుకలలో దుముకుచుండు చిన్న నల్లపురుగు కలదు గదా — రక్తము త్రాగి యుబ్బు గోమారి కాదు సుమా — అది తన బాల్యదశలో ఈ గ్రుడ్లను తినును. పెద్దదైన పిదప, కుక్కతో నాడు బిడ్డ చేతి కంటుకొని నోటిలోనికి పోవును. మూడు నాలుగు వారములకు తునకలు పడజొచ్చును. ఇంతయు చెప్పగా తాతగారు కొంతసేపు మాటాడలేదు. పిదప, ‘అమ్మాయీ, పిల్లను నాకియ్యి, నువ్వు కూర్చో’ అనిరి.

పిల్లలలో తఱచుగా నుండునది మఱియొకటి, పొట్టి బద్దెపురుగు. నాలుగు సెంటీమీటర్లకు మించదు. దాని తునకలు కంటి కానవు. ఒక బిడ్డ మలములోని గ్రుడ్లు మురికిచేతులవలన మఱియొక బిడ్డ నోటికి చేరును. ఆ గ్రుడ్లు ప్రేగులోనే చిట్లి మరల పురుగులగుటయు కలదు. కడుపునొప్పి, విరేచనములు, ఆకలి లేమి యుండవచ్చును, లేకపోవచ్చును. దీనికి మలపరీక్షయే దిక్కు. ఒకనాడు గ్రుడ్లు కానరాకున్న లేవని తలపరాదు. దినము విడిచి దినము మూడుమాఱులు, మూత్రము కలియని మలమును మూతగల డబ్బాలో నుంచి అదేదినమున చూపవలెను. తునక కనబడినచో పుల్లతో తీసి సీసాలో వేసి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. చేతిఫోనులో దాని బొమ్మ తీసి చూపినను మేలే.

2015 నుండి బడులలో, అంగన్వాడీలలో ఇచ్చుచున్న ఆల్బెండజోల్ మాత్ర ఏలికపాములకు, కొంకిపురుగులకు మంచి మందు. అది మ్రింగినది గదా యని బద్దెపురుగు విషయమున ధైర్యపడరాదు. దీనికి ప్రాజిక్వాంటెల్ అను మందు కలదు. కాని ఏ పురుగో తేలిన పిమ్మట, బిడ్డ తూకమునుబట్టి వైద్యుడే ఈయవలెను. పందిమాంసపు పురుగుయొక్క తిత్తులు మెదడులో దాగియున్నవారికి ఆ మందు మూర్ఛ తెప్పింపగలదు. అంగడిలో నడిగి కొనివేయు మందు కాదిది.

ఆ పిల్లకు ఒక్క మోతాదు ఇచ్చితిని. తాతగారే కుక్కను పశువైద్యుని కడకు తీసికొనిపోయి, దానికిని మందిప్పించి, వెండ్రుకలలోని పురుగులు పోవునట్లు చేయించిరి. తల్లి నెలదినములు ప్రతి గుడ్డయు విప్పిచూచి, ఏమియు లేదని నాకు కబురంపెను.