లెక్క పుస్తకం మన చేతికి రావాలె

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో చిన్న వ్యాపారాలు చేసుకుంటున్న దళిత మహిళల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఆడవాళ్లకు డబ్బు లెక్క తెలువదని, అందుకే అప్పుల పాలైతున్నరని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ మాట మేము ఒప్పుకోము. కూలి డబ్బులతో ఆరుగురి కడుపు నింపే మనిషికి పొదుపు ఎవరూ నేర్పనక్కర లేదు. లెక్క తెలువక కాదు, లెక్క పుస్తకం ఎన్నడూ మన చేతిలో లేక చెడిపోయినం.

మన తాతలు దొర దగ్గర జీతం ఉన్ననాడు అప్పెంత, వడ్డీ ఎంత, ఎన్నేండ్లకు తీరుతది అన్నదానికి దొర చెప్పిందే లెక్క. వేలిముద్ర మనది, రాత వానిది. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. కాని అడ్వాన్సు పోలేదు. పాలమూరు లేబరు పేరుతో వలసపోతే మేస్త్రీ అడ్వాన్సు. గద్వాల దిక్కు సీడు పత్తి పెడితే ఆర్గనైజరు అడ్వాన్సు. ఆఖరుకు వాళ్ల పుస్తకం చూసే మనకు కోతలు పడుతయి. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఈ మూడు జిల్లాలు కొత్తగా ఏర్పడ్డయి. ఆఫీసులు దగ్గరికొచ్చినయి గాని పుస్తకం దగ్గరికి రాలేదు.

బాబాసాహెబ్ అనంగనే మనకు రాజ్యాంగం గుర్తుకొస్తది. ఆయన ముందు చదివింది ఆర్థిక శాస్త్రం. 1923లోనే రూపాయి సమస్య మీద పుస్తకం రాసి అచ్చు వేయించారు. 1925లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు నిలబడి ఈ దేశపు నాణెం ఎట్లుండాలో చెప్పారు. బడిలో గోనెపట్టా మీద వేరుగ కూచోబెట్టిన పిల్లవాడే రూపాయి లెక్క అడిగినోడు. మనం ఆయన వారసులం.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. మన అక్క ఒకామె బజ్జీల బండి పెట్టిందనుకోండి. పిండి, నూనె, గ్యాసు కలిపి 1,200. అమ్మకం 1,600. నాలుగు వందలు మిగిలినయని సంబరపడతం. ఆటో కిరాయి రాను పోను 120, తైబజారు 20, ప్లేట్లు నీళ్లు 20. మిగిలింది 240. పొద్దుగూకంగ డైలీ ఫైనాన్సు పిలగాడు వచ్చి వంద తీసుకపోతడు. 140 మిగిలింది. ఇంటి ఖర్చు 250. తక్కువ పడ్డ 110 యాడికెళ్లి తెస్తం? రేపటి సరుకు పైసల్లకెళ్లి తీస్తం. ఇట్ల వారం తిరిగేసరికి సరుకు సగానికి పడిపోతది. ‘ఎంత కష్టపడ్డా కలిసిరావట్లేదు’ అంటం. కలిసిరాకపోవుడు కాదక్కా, పెట్టుబడిని మనమే తింటున్నం. ఆస్పత్రికని తెచ్చిన అప్పును బజ్జీల బండి కడుతున్నది. అందుకే సరుకు పైసలు ఒక సంచిలో, ఇంటి పైసలు ఇంకో సంచిలో పెట్టాలె. ఇది మొదటి పాఠం.

రెండోది వడ్డీ. పదివేలు అని చెప్పి చేతికి 9,000 ఇస్తరు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలె. ‘వెయ్యే కద వడ్డీ’ అనిపిస్తది. కాని మొదటి రోజు నుంచే అసలు తీరుతూ పోతున్నది. వంద రోజుల మీద సగటున మన దగ్గర ఉండేది 4,500 చుట్టే. దానికి వంద రోజులకు వెయ్యి అంటే నూటికి నెలకు ఆరు రూపాయలకు పైనే పడ్డది. ఊర్లో మూడు రూపాయల వడ్డీ అంటే అమ్మో అంటం. దానికి రెండింతలు కడుతూ చవక అనుకుంటున్నం.

మూడోది ఏ పుస్తకంలోనూ రాయని ఖర్చు. ఆ ఆటో కిరాయి 120 ఎందుకు పడ్డది? ఊర్లో బండి పెడితే మన చేతి బజ్జీ ఊరోళ్లు తినరు. వాడలో పెడితే కూలి పైసలు వచ్చేదాక ఉద్దెర. అదే మనిషి పట్నం బస్టాండు కాడ కులం అడగకుండ నిలబడి తింటడు. అందుకే పట్నం పోతున్నం. ఆ కిరాయి ఆటోవాడు తీసుకుంటున్నడు గాని వేసింది కులం. లెక్క నేర్చుకుంటే చాలు, బాగుపడతరు అనేవాళ్లు ఈ పన్ను సంగతి ఎత్తరు. మనం మాత్రం దీన్ని కూడ లెక్కలో రాయాలె. రాస్తేనే కొట్లాట ఎవరితోనో తెలుస్తది.

మరి పెట్టుబడి ఎక్కడిది? వీధి వ్యాపారులకు 2020లో పీఎం స్వనిధి రుణం వచ్చింది. మొదటి విడత 10,000 ఉండె, 2025లో 15,000 చేసిండ్రు. తాకట్టు లేదు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి పట్నంలో అమ్ముకునేవాళ్లకూ వర్తిస్తది. మునిసిపాలిటీ గుర్తింపు కార్డో, సిఫారసు ఉత్తరమో కావాలె. మహిళా సంఘాలకు పది లక్షల దాక తాకట్టు అడగొద్దని, సంఘం పొదుపు ఖాతాను ఆపిపెట్టొద్దని రిజర్వు బ్యాంకు నిబంధన. సర్కారు పథకాల కింద ఎస్సీ, ఎస్టీలు పెట్టుకున్న దరఖాస్తును బ్రాంచిలోనే కొట్టేయకూడదు. పై అధికారి స్థాయిలో, కారణం రాసి తిరస్కరించాలె. ‘ముందు డిపాజిట్ చెయ్’ అనొద్దు. ఈ సంగతి తెలియకనే కౌంటర్ కాడ ‘రేపు రాపో’ అంటే తిరిగొస్తున్నం.

ఇంటికొచ్చి ఇచ్చే గ్రూపు అప్పుల సంగతి మీకు ఎరుకే. ఆ వసూళ్ల బాధకు ప్రాణాలు తీసుకున్న తర్వాతనే 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. అది చట్టమైంది. కాని రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీలకు అది వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనలు కంఠస్థం చేయాలె. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి ఇచ్చే ఈ అప్పుల్లో, అన్ని కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటొద్దు. వడ్డీ, ఖర్చులు మనకు అర్థమయ్యే భాషలో కాగితం మీద ఇయ్యాలె. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్లు చేయొద్దు.

ఈ బాట మనకంటే ముందు నడిచినవాళ్లు అమెరికా నల్లజాతివాళ్లు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల పొదుపు కోసమని 1865లో ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు పెట్టిండ్రు. పైసలు నల్లవాళ్లవి, పెత్తనం తెల్లవాళ్లది. ఆ సొమ్మును ఇష్టమొచ్చినట్టు అప్పులిచ్చి, 1874లో మూసేసిండ్రు. అరవై వేల మందికి పైగా పొదుపు మునిగింది. మరి 1903లో రిచ్‌మండ్ పట్నంలో మ్యాగీ లీనా వాకర్ అనే నల్లజాతి మహిళ సొంతంగ బ్యాంకు తెరిచింది. పరుల బట్టలు ఉతికి బతికిన తల్లికి పుట్టిన బిడ్డ ఆమె. మొదటి రోజు ఒకరు 31 సెంట్లే కట్టిండ్రు, డాలరులో మూడో వంతు కూడ కాదు. ఆ చిల్లరను చిన్నచూపు చూడలేదు. రెండు బ్యాంకుల్లోనూ పొదుపు చేసినవాళ్లు నల్లవాళ్లే. తేడా ఒక్కటే, పుస్తకం ఎవరి చేతిలో ఉన్నదనేది.

మన సంఘాల్లో పుస్తకం ఎవరు రాస్తున్నరు? తీర్మానం చదివి వినిపించినంకనే వేలిముద్ర వేస్తున్నమా? ఇది మనల్ని మనం అడుక్కోవాలె.

కాబట్టి ఇయ్యాల్టి నుంచి మూడు పనులు చేద్దాం. ఒకటి, రోజు లెక్క రాసుడు. చదువు రాకుంటే బడికి పోయే బిడ్డతో రాయించండి, కాని చదివించుకొని వినండి. రెండు, చదవని కాగితం మీద సంతకం పెట్టకపోవుడు. మూడు, బ్యాంకుకు ఒక్కరు పోకుండ పదిమంది కలిసి పోవుడు. లేదంటే ‘రాసియ్యి’ అని అడుగుడు. కార్యకర్తలు ఆ దరఖాస్తుల నకళ్లు ఊరి వారీగా ఫైలు చేయాలె. వచ్చే తరగతికి ఎవరూ ఉత్త చేతులతో రావొద్దు. నెల లెక్క రాసిన నోటు పుస్తకంతో రావాలె. మొదట మా పుస్తకమే మీ ముందు విప్పి చదువుతం.

జై భీమ్.