కూలి రేటు చూసి మాత్రమే రాష్ట్రం మారలేం
(వలస కుటుంబాల యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వలస మీద పీహెచ్‌డీ చేస్తున్నాను కాబట్టి లెక్కలు చెప్తానని మీరు అనుకుని ఉంటారు. కానీ మీలో చాలామంది ఇళ్లలో ఇప్పుడు నడుస్తున్న చర్చే మా ఇంట్లోనూ నడుస్తోంది. దాని గురించే మాట్లాడతాను.

మాది నారాయణపేట వైపు పల్లె. బోరు ఎండిపోయింది, అన్నకు అప్పు మిగిలింది. వదినను, ఇద్దరు పిల్లలను తీసుకుని ఊరు విడవాలనుకుంటున్నాడు. పుణెకు ఒక మేస్త్రీ రమ్మంటున్నాడు. బెంగళూరులో వదిన తమ్ముడున్నాడు. హైదరాబాద్‌లో నేనున్నాను. "ఏ రాష్ట్రం మంచిది తమ్మీ, సదువుకున్నోనివి నువ్వే చెప్పు" అని అన్న అడిగాడు.

మా అమ్మానాన్నలకు ఈ ప్రశ్న అడిగే వీలే లేదు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టి ఎక్కడికి లారీ ఎక్కమంటే అక్కడికి పోయారు. నేను అవ్వ దగ్గర, ఆ తర్వాత గురుకులంలో పెరిగాను. ఇప్పుడు మనకు ఎంచుకునే వీలు కొంతైనా వచ్చింది. అందుకే అన్నీ తెలుసుకుని ఎంచుకోవాలి.

ఊరు విడవొద్దని చెప్పడానికి నేను రాలేదు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గ్రామ వ్యవస్థను ఎంత కటువుగా విమర్శించారో మీకు తెలుసు. అయితే చోటు మారితే కులం పోదని కూడా ఆయనకు సొంత అనుభవమే. 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆయనకు ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో పేరు మార్చుకుని కొద్ది రోజులున్నారు. విషయం బయటపడగానే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఇవాళ నగరంలో కిరాయి ఇంటికి పోతే "మీరేమిట్లు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నను మనవాళ్లు ఏ భాషలో విన్నా వెంటనే గుర్తుపడతారు.

కులం మనతోపాటు సరిహద్దు దాటుతుంది. కులం వల్ల వచ్చిన రక్షణ మాత్రం చాలావరకు సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

రాజ్యాంగంలోని 341వ అధికరణ షెడ్యూల్డ్ కులాలను రాష్ట్రాల వారీగా గుర్తిస్తుంది. మాల, మాదిగ పేర్లు కర్ణాటక జాబితాలోనూ ఉన్నాయి కదా అని మనవాళ్లు అడుగుతారు. పేరు ఉన్నంత మాత్రాన చాలదు. ఇక్కడి నుంచి వలస పోయిన కుటుంబాన్ని అక్కడి ఎస్సీగా లెక్కించరు. ఈ విషయం తేల్చిన కేసు ఒక తెలుగు విద్యార్థిదే. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు ఇక్కడి జాబితాలో ఎస్టీ. తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి వెళ్లారు. అక్కడ మెడికల్ సీటు అడిగితే రిజర్వేషన్ వర్తించదన్నారు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే మాట చెప్పింది. 2018లో బీర్ సింగ్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని ఖాయం చేసింది. ఢిల్లీ సర్వీసులకు మాత్రం అన్ని రాష్ట్రాల ఎస్సీలు అర్హులేనని చెప్పింది.

అంటే పుణెలో పెరిగే మా అన్న పిల్లలకు మహారాష్ట్ర కాలేజీ సీటులో, అక్కడి ప్రభుత్వ ఉద్యోగంలో ఎస్సీ కోటా ఉండదు. పోనీ, చదువయ్యాక తిరిగి వస్తారనుకుందాం. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో నేరుగా భర్తీ చేసే ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులవి. స్థానికత తేల్చేటప్పుడు ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారన్నదే ముఖ్యం. పుణె బడిలో చదివిన పిల్ల అక్కడ ఎస్సీ కాదు, ఇక్కడ స్థానికురాలు కాదు. వాళ్లకు మిగిలేవి కేంద్ర ఉద్యోగాలు, కేంద్ర విద్యాసంస్థలు. వాటికి సొంత రాష్ట్రం ఇచ్చిన కుల ధ్రువపత్రం ఎక్కడున్నా చెల్లుతుంది.

ఇదంతా అన్నకు చెప్పి, పిల్లలను గురుకులంలో ఉంచి మీరిద్దరూ వెళ్లండన్నాను. అప్పుడు వదిన అంది: "అవ్వ కాడ ఉండి సదువుకున్నవ్, మంచిగనే ఉన్నవ్ అంటరు అందరు. అమ్మ లేని పండుగలు ఎట్లుంటయో నీకు తెల్వదా?" నా దగ్గర జవాబు లేదు. పిల్లలను దగ్గర పెట్టుకుని పెంచుకోవడమా, వాళ్ల హక్కులను కాపాడటమా? చట్టం మా వదినను ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోమంటోంది. ఇంత పెద్ద అన్యాయం ఏ కూలి లెక్కలోనూ కనిపించదు.

పోవాల్సిన వాళ్లు పోక తప్పదు. బయలుదేరే ముందు కొన్ని పనులు చేసుకోండి. పిల్లల కుల ధ్రువపత్రాలు ఇక్కడే తీసుకుని భద్రపరచండి. రేషన్ కార్డు ఆహార భద్రత చట్టం కిందిదా, రాష్ట్రం సొంతంగా ఇచ్చిందా చూసుకోండి. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు పద్ధతి 2019 ఆగస్టులో మన రెండు తెలుగు రాష్ట్రాల మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్య మొదలైంది. ఆహార భద్రత కార్డుకే వేరే రాష్ట్రంలో బియ్యం వస్తాయి. భవన నిర్మాణ కార్మికులు 90 రోజులు పనిచేశాక అక్కడి సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవాలి. సెంట్రింగ్ మీద నుంచి పడితే మేస్త్రీ ఫోన్ ఎత్తకపోవచ్చు, ఆ కార్డు ఉంటే అడిగే హక్కు ఉంటుంది. టీసీ రాలేదని ఎనిమిదో తరగతి లోపు పిల్లలను ప్రభుత్వ బడి వెనక్కి పంపితే ఊరుకోవద్దు. 2009 విద్యాహక్కు చట్టం దాన్ని ఒప్పుకోదు.

ఇవి జాగ్రత్తలు మాత్రమే. అసలు మార్పు చట్టంలో రావాలి. మహారాష్ట్ర దళితుల వాటా మనం తీసుకుంటామా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్ల సీట్లు మనకొద్దు. వలస వచ్చి ఏళ్ల తరబడి అక్కడే ఉన్న, అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు అదనపు సీట్లు ఇవ్వవచ్చు. కనీసం వాళ్ల సొంత రాష్ట్రం వాళ్లను స్థానికులుగా ఒప్పుకోవచ్చు. 1990 తీర్పులోనే కోర్టు ఈ సమస్యను పార్లమెంటు ఆలోచించాలని చెప్పింది. మూడున్నర దశాబ్దాలు గడిచాయి. అత్యాచార నిరోధక చట్టం రక్షణ వేరే రాష్ట్రంలో ఉన్న ఎస్సీ, ఎస్టీలకు కూడా వర్తిస్తుందని 2023లో బాంబే హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది. అవమానం సరిహద్దు దాటుతుందని ఒప్పుకున్నప్పుడు, దానికి విరుగుడుగా వచ్చిన అవకాశం ఎందుకు దాటకూడదు?

మా ఇంట్లో ప్రస్తుతానికి హైదరాబాద్ వైపు మొగ్గుతున్నాం. పుణెలో వచ్చేంత కూలి రాదు, అప్పు తీరడానికి ఇంకో రెండేళ్లు పట్టవచ్చు. కానీ పిల్లలు తల్లి దగ్గర ఉంటారు, రాష్ట్రం మారదు, ఎస్సీ హోదా పోదు. రెండేళ్ల వడ్డీ భారం పడుతుందని తెలిసే ఈ నిర్ణయానికి వస్తున్నాం. మీ లెక్క వేరేగా ఉండవచ్చు. ఆ లెక్కలో కూలి, కిరాయి, వడ్డీలతో పాటు పిల్లల పేరు మీద ఒక గడి పెట్టండి. మన ఓట్లు అడగడానికి వచ్చేవాళ్లను ఆ గడి గురించి నిలదీయండి.

జై భీమ్.