సొత్తు నగరానిది, పోలీసు అధికారం ఎవరిది?

నగరాలు తమ పొలిమేర దాటి భూములు కొంటాయి. నీళ్ల కోసం చెరువు, మురుగు పారించడానికి మైదానం, సరుకు దించడానికి రేవు. ఆ భూమి పక్క ఊరి హద్దులో ఉంటుంది. అక్కడ చెత్త పోసినవాణ్ణి ఎవరు ఆపాలి, జరిమానా ఎవరు వేయాలి, గుమిగూడిన జనాన్ని ఎవరు పంపించాలి? పట్టా చేతిలో ఉన్న నగరమా, పొలిమేర ఉన్న ఊరా? ఈ స్మారకోపన్యాసంలో నేను జవాబు వెతికేది జర్మనీలో. పట్టాతో పాటే పోలీసు అధికారం చేతులు మారిన రోజులనూ, ఆ రెంటినీ విడదీసిన రోజులనూ ఆ దేశం చూసింది. నా వాదం ఇది: ఆస్తి కొన్నంత మాత్రాన అక్కడి మనుషుల మీద అధికారం రాకూడదు. ఆ అధికారం అక్కడివాళ్లకు జవాబు చెప్పే సంస్థ దగ్గరే ఉండాలి. పొలిమేర దాటాల్సి వస్తే చట్టం ద్వారానో, రాసుకున్న ఒప్పందం ద్వారానో దాటాలి.

ఎల్బే నదికి తూర్పున ఉన్న ప్రష్యా ప్రాంతాల్లో పెద్ద ఎస్టేటు ఉన్న భూస్వామే అక్కడి పోలీసు అధికారి కూడా. ఎస్టేటు అమ్ముడుపోతే ఆ అధికారమూ కొన్నవాడి వెంట వెళ్లేది. కౌలుదారు, కూలి, పనిమనిషి తమకు కూలి ఇచ్చేవాడి ముందే నేరస్థులుగా నిలబడవలసి వచ్చేది. మన జమీందారీ గ్రామాల కథలు విన్నవారికి ఇది వివరించనక్కర్లేదు. 1872 డిసెంబర్ 13 నాటి జిల్లా పాలన చట్టం ఈ భూస్వామి పోలీసును రద్దుచేసి, స్థానిక పోలీసు పనిని రాజ్యం నియమించిన అధికారికి అప్పగించింది. ఆచరణలో ఆ పదవి తరచు మళ్లీ భూస్వాముల చేతికే వెళ్లిన మాట నిజం. ఎస్టేటు మండలాలు కూడా 1927 చట్టం దాకా బతికే ఉన్నాయి. అయినా పోలీసు అధికారం ఇకపై భూమి పత్రంలో ఒక భాగం కాదని సూత్రంగా అప్పుడే తేలిపోయింది.

ఈ చట్టం వచ్చిన రెండేళ్లకు బెర్లిన్ నగరం భూస్వామి అయింది. మురుగు కాలువలతో నగరం రోగాల పుట్టగా మారిన కాలమది. ఇంజనీరు జేమ్స్ హోబ్రెక్ట్ పథకం వేశాడు, వైద్యుడు రుడాల్ఫ్ విర్కోవ్ దాన్ని బలపరిచాడు. మురుగును నగరం బయటి పొలాలకు పంపు చేసి అక్కడ పారించాలన్నది ఆ పథకం. అందుకోసం 1874లో దక్షిణాన ఓస్‌డోర్ఫ్, ఫ్రీడెరికెన్‌హోఫ్ ఎస్టేట్లను నగరం కొన్నది. 1915లో బెర్లిన్ ప్రాంత సంఘం ప్రష్యా ప్రభుత్వం దగ్గర సుమారు 10,000 హెక్టార్ల అడవిని 5 కోట్ల మార్కులకు కొని, ఎప్పటికీ అడవిగానే ఉంచుతామని ఒప్పుకుంది. 1920లో నగర హద్దులు ఎంతో విస్తరించినా, బెర్లిన్ పొలాల్లో, అడవుల్లో పెద్ద భాగం ఇప్పటికీ పొరుగున ఉన్న బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రంలోనే ఉంది. అక్కడ నడిచేది బ్రాండెన్‌బుర్గ్ అటవీ చట్టం. బెర్లిన్ అక్కడ కేవలం యజమాని. ఈ ఏర్పాటులోనే ఆ అడవి నిలిచి ఉంది.

చేతిలో అధికారం లేని యజమాని ఏం కాపాడగలడు అన్న ఆక్షేపణ తేలిగ్గా తీసేయదగినది కాదు. యజమానికి సివిల్ చట్టం ఇచ్చే హక్కులు ఉన్నాయి: అక్రమంగా వచ్చినవాణ్ణి వెళ్లగొట్టవచ్చు, కోర్టుకు వెళ్లవచ్చు. అయితే ఆ యజమాని ప్రభుత్వమే అయినప్పుడు, ఆ హక్కును పోలీసు కర్రలా వాడుకునే ప్రలోభం పెద్దది. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయ కంపెనీలో హెస్సే రాష్ట్రం, ఫ్రాంక్‌ఫర్ట్ నగరం, కేంద్రం కలిసి మెజారిటీ వాటాదారులుగా ఉన్న రోజుల్లో, దేశ బహిష్కరణలకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచినవారికి కంపెనీ తన ఆవరణలో నిషేధం విధించింది. 2011 ఫిబ్రవరి 22న రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని తప్పుపట్టింది. ప్రజల సొమ్ముతో మెజారిటీ వాటా ఉన్న సంస్థ ప్రాథమిక హక్కులకు కట్టుబడాల్సిందేనని చెప్పింది. సొంత హద్దుల్లోనే ఇంత కట్టడి ఉంటే, పరాయి హద్దుల్లో ఎంత జాగ్రత్త కావాలి!

నాకు అన్నిటికన్నా విలువైన ఉదాహరణ బ్రెమర్‌హావెన్. 1827లో బ్రెమెన్ నగరం వేజర్ నది ముఖద్వారం దగ్గర హానోవర్ రాజ్యం నుంచి భూమి కొని రేవు కట్టింది. ఆ రేవు పక్కన ఊరు పుట్టింది. 1939లో ఊరు ప్రష్యాకు పోయింది, రేవు మాత్రం బ్రెమెన్ దగ్గరే ఉండిపోయింది. 1947లో ఊరు తిరిగి బ్రెమెన్ రాష్ట్రంలోకి వచ్చింది. నేటికీ ఆ సముద్ర రేవు ప్రాంతం, దాదాపు అయిదు కిలోమీటర్ల కంటైనర్ వార్ఫుతో సహా, 60 కిలోమీటర్ల దూరంలోని బ్రెమెన్ నగరంలో ఒక భాగం. అంటే ఇక్కడ నగరం తన ఆస్తి చుట్టూ తన పొలిమేరనే గీసుకుంది. నా వాదానికి ఇంతకన్నా గట్టి ఎదురు ఉదాహరణ దొరకదు. కానీ అక్కడ రోజువారీ పాలన ఎవరిదో చూడండి. మున్సిపల్ పనులను ఒప్పందం ప్రకారం బ్రెమర్‌హావెన్ నగరమే చేస్తోంది. రేవు నియమాలు బ్రెమెన్ రేవు కార్యాలయానివి, నీటి మీద కాపలా రాష్ట్ర జల పోలీసులది. జర్మనీలో పూర్తిస్థాయి పోలీసు బలగం చేతిలో ఉన్న మున్సిపాలిటీ కూడా బ్రెమర్‌హావెన్ ఒక్కటే. పొలిమేరను తన వైపు గీసుకోగలిగిన నగరానికి కూడా, చివరకు పక్క ఊరితో మాట్లాడుకుని రాసుకోక తప్పలేదు.

నీటి విషయంలో ఆగగలమా, ఎగువన విషం కలిస్తే కింద నగరం చస్తుంది కదా అని అడగవచ్చు. నిజమే. అందుకే జర్మనీలో నీటి రక్షణ మండలాలను ప్రకటించే అధికారం రాష్ట్రాలది. ఆంక్షల వల్ల నష్టపోయే రైతుకు పరిహారం చెల్లించాలని కూడా చట్టంలోనే ఉంది. అలాగే నేరస్థుణ్ణి తరుముతూ వెళ్లే పోలీసు పొరుగు రాష్ట్రంలో అడుగుపెట్టడానికి పోలీసు చట్టాలే దారి ఇచ్చాయి. మన హైదరాబాద్ జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల కోసం 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. ఆ కట్టడి అవసరమని నేను నమ్ముతాను. 2022లో దాన్ని తీసేసిందీ జీవోనే. కట్టడి భారం మోసిన పంచాయతీలతో నగరం ఒప్పందం కుదుర్చుకుని, పరిహారం లెక్క అందులోనే రాసి ఉంటే, ఒక్క సంతకంతో అది పోయేది కాదు. నగర పొలిమేర అవతల ఉన్న ప్రతి చెరువుకూ, ప్రతి డంపింగ్ యార్డుకూ అలాంటి ఒప్పందం ఉందా అని మన కార్పొరేషన్లను ఇప్పుడే అడగాలి.