ఇంజను ఆయిలు మట్టము: పుస్తకములోని అంకె, పుల్ల మీది గీత

(రైల్వే, తపాలా ఉద్యోగుల విద్యా శిబిరములో పదవీ విరమణ చేసిన డీజిల్ షెడ్ కార్మికుడొకరు చేసిన ప్రసంగ పాఠము)



నిన్నటి నుండి ఈ శిబిరములో వేతనముల గురించి, పెన్షను గురించి, సెలవుల గురించి పెద్దలు మాట్లాడినారు. నాకు అప్పగించిన విషయము చాలా చిన్నది. ఇంటి వద్ద మన చేతులతో మనమే బండికి ఆయిలు మార్చుకున్న తరువాత, పోసిన ఆయిలు సరిపోయినదా లేదా అని చూచుకొనే విధానము. విషయము చిన్నదే గాని, దానిని తప్పుగా చూచినందుకు నాకు కలిగిన నష్టము చిన్నది కాదు. ఆ అనుభవము మీకు వద్దని చెప్పుటకే ఈ వేదిక ఎక్కినాను.

మనలో చాలామందికి బండి విలాస వస్తువు కాదు, పనిముట్టు. అర్ధరాత్రి డ్యూటీకి పిలుపు వచ్చే లోకో పైలట్‌కు, తెల్లవారుజామున ఆర్.ఎం.ఎస్. సార్టింగుకు పరుగెత్తే సోదరునికి, ఎండలో ఊరూరా తిరిగి టపా పంచే సోదరికి బండి ఆగితే పని ఆగుతుంది. సహకార పరపతి సంఘములో అప్పు తీసి కొన్న బండ్లు కూడా వీటిలో ఎన్నో ఉన్నవి. నాలుగు డబ్బులు మిగులునని ఆదివారము నాడు ఇంటి ముందు కూర్చుని ఆయిలు మనమే మార్చుకుంటాము. అది మంచి అలవాటే. అయితే ఆయిలు పోసి మూత బిగించుటతో పని పూర్తి కాదు. మట్టము సరిచూచినప్పుడే పూర్తి అవుతుంది.

నేను చేసిన తప్పు

నేను డీజిల్ షెడ్డులో పని చేసినవాడను. చివరి సంవత్సరములలో జీ.ఎం. తరహా 710 ఇంజను గల లోకోల మీద పని చేసినాను. ఆ ఇంజనులో ఆయిలు మట్టమును ఇంజను వేడిగా ఉండి, ఐడిల్‌లో తిరుగుచుండగానే చూడవలెను. ఇంజను ఆగితే పైభాగములలో ఉన్న ఆయిలు క్రిందికి దిగి, మట్టము ఎక్కువగా కనిపిస్తుంది. ఆ పుల్ల మీద గీతలు పెట్టినదే తిరుగుచున్న ఇంజనును లెక్కలోకి తీసుకొని.

పదవీ విరమణ తరువాత ఒక పాత కారు కొన్నాను. మొదటిసారి ఆయిలు, ఫిల్టరు నేనే మార్చినాను. చేతిపుస్తకములో ఉన్న పరిమాణము ప్రకారము కొలిచి పోసినాను. ఇంజను స్టార్టు చేసి, షెడ్డు అలవాటు చొప్పున, అది తిరుగుచుండగానే డిప్‌స్టిక్ లాగి చూచినాను. కొనన అంటీ అంటనట్లుగా తడి. అర లీటరు పోసినాను. మళ్ళీ చూచినాను, ఇంకా తక్కువే. మరొక పావు లీటరు పోసినాను. కొలిచిన అంకె ఒకటి చెప్పుచుండగా కంటికి మరొకటి కనిపించుచున్నదే, ఎందుకని ఒక్క నిమిషము ఆలోచించలేదు. ఇన్నేళ్ళ అనుభవము ఉన్నదన్న ధీమా!

మరునాడు పొరుగూరిలో పెండ్లికి భార్యతో బయలుదేరినాను. ఇరవై కిలోమీటర్లు పోకముందే వెనుక నీలిపొగ. బానెట్ ఎత్తి చూస్తే ఎయిర్ ఫిల్టరు ఆయిలులో తడిసి యున్నది, ఇంజను ప్రక్కల ఆయిలు కారుచున్నది. రోడ్డు ప్రక్కన చిన్న షాపులో ఒక కుర్ర మెకానిక్ ఇంజను ఆపించి, కొంతసేపు ఆగి, పుల్ల తీసి నాకు చూపించినాడు. ఆయిలు పై గీతను దాటి చాలా ఎత్తున ఉన్నది. "బండి ఆపి పది నిమిషాలు ఊరుకుని ఉంటే, ఈ పుల్లే మీకు నిజం చెప్పేది గదా పెద్దాయనా" అన్నాడు. సీళ్ళు, ఫిల్టరు మార్చించి, ఇంజను కడిగించేసరికి ఆ నెల పెన్షనులో మంచి భాగము పోయినది. పెండ్లి చూడలేదు సరే, ఆ మాట మాత్రము మరువలేదు.

ఎక్కువైతే ఏమి, తక్కువైతే ఏమి

ఆయిలు తక్కువైతే ఇంజను చెడుతుందని అందరికీ తెలుసు. మలుపులలో, ఎత్తు పల్లములలో అడుగున ఉన్న కొద్ది ఆయిలు ఒక ప్రక్కకు పోగా పంపు గాలిని పీలుస్తుంది. బేరింగుల మధ్య ఆయిలు పొర తెగి, ఇనుము ఇనుమును రాచుకుంటుంది. చివరకు ఇంజను పట్టేస్తుంది.

ఎక్కువైతే మంచిదే గదా అని అనుకొనేవారు చాలామంది. అది పొరపాటు. మట్టము మరీ పెరిగితే తిరిగే క్రాంక్ షాఫ్టు ఆయిలును చిలుకుతుంది, కవ్వము మజ్జిగను చిలికినట్లు. నురుగు లేస్తుంది. నురుగులో గాలి ఉంటుంది గనుక పంపు మళ్ళీ గాలినే పంపుతుంది. లోపలి ఒత్తిడికి ఆయిలు బ్రీదర్ గొట్టము గుండా ఎయిర్ ఫిల్టరులోకి ఎక్కుతుంది, సీళ్ళ నుండి బయటికి వస్తుంది. అంటే ఎక్కువ పోసినా చివరికి బేరింగుకు చేరేది గాలి కలిసిన ఆయిలే.

పుస్తకములోని అంకెతోనే ఎందుకు సరిపోదు

చేతిపుస్తకములో సాధారణముగా రెండు మూడు అంకెలు ఉంటవి. ఆయిలు మాత్రమే మార్చినప్పుడు ఒకటి, ఫిల్టరు కూడా మార్చినప్పుడు ఒకటి, ఇంజను పూర్తిగా విప్పి బిగించినప్పుడు మరొకటి. పాత ఆయిలు ఎంత కార్చినా లోపలి మూలలలో కొంత నిలిచియుంటుంది గనుక, విప్పిన ఇంజనుకు పట్టేంత ఆయిలు కార్చిన ఇంజనుకు పట్టదు. పెద్ద అంకె చూచి పోసినవాడు ఎక్కువ పోస్తాడు. బండి వాలుగా ఉండగా కార్చితే పాత ఆయిలు ఇంకా ఎక్కువ మిగులుతుంది. కాబట్టి పుస్తకములోని అంకె ప్రారంభమునకే గాని తీర్పు చెప్పుటకు కాదు. తీర్పు చెప్పేది పుల్ల మీది గీత. ఆ గీత కూడా, తయారుచేసినవారు చెప్పిన పద్ధతిలో చూచినప్పుడే నిజము చెబుతుంది.

కారులో చూచే విధానము

బండిని చదునైన నేల మీద నిలపవలెను. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు వేసి బిగించిన తరువాత, పుస్తకములో చెప్పిన దానికంటె పావు లీటరు తగ్గించి పోయవలెను. తక్కువైతే పోయుట సులభము, ఎక్కువైతే తీయుట కష్టము.

అప్పుడు ఇంజను స్టార్టు చేసి, ఒకటి రెండు నిమిషములు ఐడిల్‌లోనే ఉంచవలెను. ఆక్సిలరేటరు తొక్కరాదు. కొత్త ఫిల్టరు ఖాళీగా ఉంటుంది. అది తన భాగము ఆయిలు త్రాగిన తరువాత మట్టము దిగుతుంది. స్టార్టు చేయకముందు పై గీత దగ్గర కనిపించినది, ఆ తరువాత క్రిందికి వచ్చుట సహజము. ఆయిలు ప్రెషరు దీపము ఆరినదో లేదో, బోల్టు వద్ద, ఫిల్టరు వద్ద చుక్కలు పడుచున్నవో లేదో ఈలోగా చూచుకోవలెను.

ఇంజను ఆపి ఐదు నుండి పది నిమిషములు ఆగవలెను. పైన తిరుగుచున్న ఆయిలు క్రిందికి దిగుటకు ఆ సమయము కావలెను. పుల్లను మొదటిసారి తీసినప్పుడు కనిపించే మట్టమును నమ్మరాదు, ఎందుకంటె గొట్టము గోడలకు అంటిన ఆయిలు పుల్లకు పూసుకుంటుంది. పీచు రాలని తెల్లని గుడ్డతో తుడిచి, మళ్ళీ చివరి వరకు దించి, తీసి చూడవలెను. కొత్త ఆయిలు తేటగా ఉంటుంది గనుక కంటికి సరిగా ఆనదు. పుల్లను వెలుతురుకు వాల్చి రెండు వైపులా చూడండి. రెండు వైపులా తేడా ఉంటే తక్కువ చూపిన వైపే లెక్క.

చాలా కార్లలో క్రింది గీతకు, పై గీతకు నడుమ సుమారు ఒక లీటరు తేడా ఉంటుంది. అంటే సగములో ఉన్నచోట ఒక లీటరు పోస్తే ఎక్కువైపోతుంది. వంద, నూట యాభై మిల్లీలీటర్ల చొప్పున పోసి, ఆగి, మళ్ళీ చూడండి. పై గీతకు కొద్దిగా క్రింద నిలిపితే చాలును.

మోటారు సైకిలులో తేడాలు

పాత చేతక్ స్కూటరు నడిపిన పెద్దలకు ఈ సమస్య లేదు. అది రెండు స్ట్రోకుల బండి. ఇంజను ఆయిలును పెట్రోలులోనే కలిపి పోసేవాళ్ళము. 1985లో హీరో హోండా సీ.డీ. 100 వచ్చిన తరువాత నాలుగు స్ట్రోకుల బండ్లు ఇంటింటికీ చేరినవి, వాటితోపాటు మూతకే అమర్చిన చిన్న పుల్ల కూడా వచ్చినది.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఈ తరహా బండ్లలో మట్టము చూచేటప్పుడు మూతను మర తిప్పి బిగించరాదు, రంధ్రముపై ఊరక ఆనించి తీయవలెను. బిగించి తీస్తే పుల్ల లోతుకు దిగి, లేని ఆయిలును ఉన్నట్లు చూపుతుంది. మూడు నుండి ఐదు నిమిషములు ఇంజను ఐడిల్‌లో నడిపి, ఆపి, రెండు మూడు నిమిషములు ఆగి చూడవలెను. బండి డబుల్ స్టాండు మీద నిటారుగా ఉండవలెను. సైడు స్టాండు మీద చూచిన మట్టము మట్టము కాదు. కొన్ని బుల్లెట్ బండ్లలో పుల్లకు బదులు గాజు కిటికీ ఉంటుంది. అక్కడ కూడా బండిని నిటారుగా నిలిపి రెండు గుర్తుల నడుమ చూడవలెను. మీ బండిది ఏ పద్ధతియో చేతిపుస్తకములో చూచుకోండి, ఎదురింటివారి బండిని బట్టి నిర్ణయించవద్దు.

చాలా మోటారు సైకిళ్ళలో ఇంజనుకు, క్లచ్చికి, గేర్లకు ఒకటే ఆయిలు. కారుకు కొన్న ఆయిలు మిగిలినదని అందులో పోయవద్దు, క్లచ్చి జారవచ్చును. డబ్బా మీద జాసో ఎం.ఏ. గుర్తు ఉన్నదేమో చూడండి.

కొన్ని సందేహములు

"ఎర్ర దీపము వెలగలేదు గదా, ఇంక పుల్ల చూచుట ఎందుకు?" అని కొందరు అడిగినారు. ఆ దీపము ఒత్తిడిని చెబుతుంది, మట్టమును చెప్పదు. అది వెలిగేసరికి ఆయిలు బాగా పడిపోయి ఉండవచ్చును. వెలిగితే వెంటనే ఇంజను ఆపవలెను, ఇల్లు చేరుదామని నడపరాదు.

"ఎక్కువ పోసినచో ఏమి చేయవలెను?" బండిని నడపవద్దు. మందుల షాపులో దొరికే పెద్ద సిరంజికి సన్నని గొట్టము తగిలించి, పుల్ల రంధ్రము గుండా కొంచెము కొంచెముగా లాగవచ్చును. వేడి ఆయిలు మీద డ్రెయిన్ బోల్టు వదులు చేస్తే చేయి కాలుతుంది, జాగ్రత్త.

"పోయకుండానే మట్టము పెరుగుచున్నదే?" అది మంచి లక్షణము కాదు. పెట్రోలు వాసన వస్తే పెట్రోలు దిగుచున్నదని, రంగు పాలవలె మారితే నీరు కలియుచున్నదని అనుమానించి మెకానిక్కుకు చూపవలెను.

ఆయిలు మార్చిన మరునాటి ఉదయము ఒకసారి, వంద కిలోమీటర్లు తిరిగిన తరువాత మరొకసారి చూడండి. బోల్టు వద్ద సన్నని కారుడు ఉంటే అప్పుడు బయటపడుతుంది. కార్చిన పాత ఆయిలును కాలువలో పోయవద్దు. 2016 నాటి నిబంధనల ప్రకారము అది ప్రమాదకర వ్యర్థము. డబ్బాలో పట్టి, సేకరించే గ్యారేజికి ఇవ్వండి. ఖాళీ అయిన కొత్త ఆయిలు డబ్బాకు రంధ్రము పొడిచి పారవేయండి, కల్తీవారి చేతికి పోకుండా ఉంటుంది.

సోదరులారా, షెడ్డులో ఒకరు చేసిన పనిని మరొకరు చూచి సంతకము చేస్తారు. సార్టింగులో సంచి కట్టేముందు లెక్క సరిచూస్తారు. ఇంటి ముందు ఆదివారము చేసే పనికి రెండవ సంతకము చేసేవారు ఎవ్వరూ లేరు. అక్కడ రెండవ సంతకము ఆ పుల్లదే. దానికి పది నిమిషముల వ్యవధి ఇవ్వండి. ఆ పది నిమిషములు నేను ఇవ్వలేదు గనుకనే ఇంతసేపు మీ సమయము తీసుకోవలసి వచ్చినది.