డోపమిన్ గ్రాహకాలు: నాడీకణం మీద వాటి స్థానాలు



డోపమిన్ అంటే ఆనందాన్నిచ్చే రసాయనం అని మీరు పత్రికల్లో చదివే ఉంటారు. ఈ మాట పూర్తిగా నిజం కాదు. డోపమిన్ ఏ పని చేస్తుందన్నది, దాన్ని అందుకునే గ్రాహకం ఏ రకానిది, ఏ కణం మీద ఉంది, ఆ కణంలో ఏ భాగాన ఉంది అనేవాటి మీద ఆధారపడి ఉంటుంది. ఈ రోజు ఈ విషయాన్నే తెలుసుకుందాం.

1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రెసర్పిన్ అనే మందు ఇచ్చారు. ఇది మన దేశపు సర్పగంధి వేరులో దొరికే పదార్థమే. కుందేళ్ళు కదలిక కోల్పోయాయి. తర్వాత ఎల్-డోపా ఇవ్వగానే అవి మళ్ళీ కదలసాగాయి. శరీరం ఎల్-డోపా నుంచే డోపమిన్‌ను తయారుచేసుకుంటుంది. అంటే కదలికకు డోపమిన్ అవసరమన్న మాట. ఈ కృషికి కార్ల్‌సన్ 2000 సంవత్సరపు నోబెల్ బహుమతిని మరో ఇద్దరితో పంచుకున్నారు.

డోపమిన్ గ్రాహకాలు ఐదు రకాలు. అన్నీ కణత్వచాన్ని ఏడుసార్లు దాటే ప్రోటీన్లే. వీటిని రెండు కుటుంబాలుగా విభజించారు. డి1, డి5 గ్రాహకాలు కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థాన్ని పెంచుతాయి. డి2, డి3, డి4 గ్రాహకాలు దాన్ని తగ్గిస్తాయి.

ఇక ఇవి నాడీకణం మీద ఎక్కడెక్కడ ఉంటాయో చూద్దాం. ముఖ్యంగా మూడు చోట్లు గుర్తుంచుకోండి.

మొదటిది, సంకేతాన్ని అందుకునే కణం. మెదడు లోపలి భాగమైన స్ట్రయేటంలోని నాడీకణాల డెండ్రైట్ల నిండా చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. బుడిపె కొన మీదికి కార్టెక్స్ నుంచి గ్లుటమేట్ సంకేతం వస్తుంది. డోపమిన్ గ్రాహకాలు ఆ బుడిపెల మీదా, డెండ్రైట్ కాండం మీదా ఉంటాయి. అందుకే డోపమిన్ ఆ సంకేతాన్ని బలపరచగలదు, బలహీనపరచగలదు కూడా. అంతేకాదు, ఎన్నో గ్రాహకాలు సినాప్స్‌కు వెలుపల ఉంటాయి. విడుదలైన డోపమిన్ చుట్టూ వ్యాపించి వాటిని చేరుతుంది.

రెండవది, డోపమిన్‌ను విడుదలచేసే కణమే. దాని కణదేహం, డెండ్రైట్లు, ఆక్సాన్ చివరల మీద డి2 గ్రాహకాలు ఉంటాయి. మేడమీది నీళ్ళ ట్యాంకులో తేలే బంతిని చూశారు కదా! నీరు నిండితే బంతి పైకి లేచి నీటిని ఆపుతుంది. అలాగే బయట డోపమిన్ పెరిగితే ఈ గ్రాహకాలు దాని విడుదలను తగ్గిస్తాయి.

మూడవది, ఇతర కణాల ఆక్సాన్ చివరలు. ఉదాహరణకు, కార్టెక్స్ నుంచి వచ్చే ఆక్సాన్ల మీది డి2 గ్రాహకాలు గ్లుటమేట్ విడుదలను అదుపు చేస్తాయి.

ఈ స్థానాల ప్రాధాన్యం వ్యాధుల్లో స్పష్టంగా కనిపిస్తుంది. స్ట్రయేటంలో ప్రధానంగా రెండు వర్గాల కణాలున్నాయి. డి1 గ్రాహకాలున్నవి కదలికకు తోడ్పడతాయి. డి2 గ్రాహకాలున్నవి కదలికను అణచిపెడతాయి. డోపమిన్ మొదటివాటిని ప్రోత్సహించి, రెండవవాటిని శాంతపరుస్తుంది. గమనించండి! పనులు రెండూ వ్యతిరేకమే అయినా, ఫలితం ఒక్కటే: కదలిక సులువవుతుంది. పార్కిన్సన్ వ్యాధిలో మధ్య మెదడులోని డోపమిన్ కణాలు నశిస్తాయి. దాంతో మొదటి వర్గం మందగిస్తుంది, రెండవది చెలరేగుతుంది. నడక నెమ్మదిస్తుంది, కండరాలు బిగుసుకుంటాయి.

మరో ఉదాహరణ. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే హాలోపెరిడాల్ డి2 గ్రాహకాలను అడ్డుకుంటుంది. భ్రమలు, భ్రాంతులు తగ్గుతాయి. కాని మందుకు చోటు ఎంచుకోవడం తెలియదు. కదలికకు సంబంధించిన డి2 గ్రాహకాలనూ అది అడ్డుకుంటుంది. అందువల్ల కొందరిలో పార్కిన్సన్ వ్యాధిలో లాగే వణుకు, బిగుసుకుపోవడం కనిపిస్తాయి. మీ ఇంట్లోగాని, ఇరుగుపొరుగునగాని ఎవరికైనా ఇలా జరిగితే భయపడి మందు మాన్పించకండి. వెంటనే వైద్యునికి చెప్పండి. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో ఆయన నిర్ణయిస్తారు.

ఇప్పుడు మీ నోటు పుస్తకంలో ఒక నాడీకణం బొమ్మ గీసి, మనం చెప్పుకున్న మూడు చోట్లు గుర్తించండి. ప్రతి చోట డోపమిన్ చేరితే ఏమవుతుందో పక్కనే రాయండి. అది రాయగలిగితే ఈ పాఠం మీకు వచ్చినట్లే.