పిల్లల దవడ యెదుగుదలను వైద్యముచే దిద్దవచ్చునా?



"మా పిల్ల గడ్డము లోనికి పోయినట్లున్నది. పండ్లకు తీగ కట్టించినచో దవడ పెరుగునా?" అని తలిదండ్రులు మమ్ములను తరచుగా నడుగుచుందురు. పెండ్లిచూపులనాటి దిగులు ఆ మాటలలో దాగియుండును. అప్పుచేసియైనను వైద్యము చేయింతుమనువారును గలరు. కావున నీ విషయమును దాపరికము లేక విన్నవింపదలచితిమి.

పండ్లను గదల్చుట వేఱు. ఎముకను బెంచుట వేఱు. 1909 లో ఎమిల్ హెర్బ్‌స్ట్ అను జర్మను వైద్యుడు, క్రింది దవడను ముందునకు నిలిపియుంచు నొక పరికరమును బెర్లిను సభలో ప్రదర్శించెను. అట్టివి పిమ్మట పెక్కులు వెలసినవి. వానిని ధరించిన బాలుని ముఖము కొలది మాసములలోనే మాఱుట మేమును జూచితిమి. అయినను ఆ మార్పులో నధికభాగము పండ్లు వంగుటవలన గలిగినదే గాని యెముక పెరుగుటవలన గాదు. బ్రిటనులో 8 మొదలు 10 ఏండ్లలోపు పిల్లలను 174 మందిని చీట్లు తీసినట్లు రెండు తెగలుగా విభజించి, యొక తెగకు వెంటనే పరికరమును బెట్టిరి. రెండవ తెగకు కౌమారమువఱకు నాగి వైద్యము చేసిరి. తొలి ఫలితములు 2003 లోను, తుది ఫలితములు 2009 లోను వెలువడినవి. తుదకు చెప్పుకొనదగిన లాభమేమియు ముందు మొదలిడినవారికి గలుగలేదు. వ్యయమును, వైద్యునికడకు దిరుగుటయు మాత్రమే హెచ్చినవి.

అయితే యొక్క మాట. ఎత్తుపండ్లు గల పిల్లలు పడినపుడు ముందుపండ్లు విఱుగుట కలదు. ముందుగా జేయు వైద్యమువలన నా ప్రమాదము కొంత తగ్గునని, పలు పరిశోధనలను గూర్చి చూచినవారు చెప్పుచున్నారు. చెట్లెక్కు పిల్లవాని తల్లికి ఇది చిన్న మాట కాదు.

పై దవడ సంగతి వేఱు. అంగిలి నడుమ నున్న యతుకు బాల్యమున గట్టిపడదు. మరను మెల్లమెల్లగా ద్రిప్పి దానిని వెడల్పు చేయవచ్చును. అమెరికాలో ఎమర్సన్ ఏంజెల్ 1860 నాటికే యిట్లు చేసెను. క్రింది పండ్లు పైపండ్లకు ముందు గూడు పిల్లలకు, 10 ఏండ్లలోపున ముఖమునకు దగిలించు కట్టుతో పై దవడను ముందునకు లాగుదురు. బ్రిటనులోనే 2016 లో బ్రకటింపబడిన పరిశోధనలో, ఆఱేండ్ల పిమ్మట వైద్యము పొందినవారిలో నూటికి 36 మందికిని, పొందనివారిలో 66 మందికిని దవడకు శస్త్రచికిత్స కావలయునని నిపుణులు నిర్ణయించిరి.

కావున ఎదురుకాటు గల బిడ్డను ఎనిమిదవ యేటనే చూపుడు. గడ్డము మాత్రమే చిన్నదైనచో ఎదుగు ప్రాయము వచ్చువఱకు నాగుడు. ఆడపిల్లలకది కొంత ముందుగా వచ్చును. అంతలో నెవరైనను దవడను బెంచెదమని పెద్దమొత్తము నడిగినచో, ఎముక యెంత, పండ్లెంత యని యడుగుడు. నేటి సాయంకాలము భోజనశాల చెంతనే యుందుము. పిల్లలను జూపగోరువారు తీసికొనిరావచ్చును.